మిషన్ మనదైతే.. పాడ్ గూడ మన ఇష్టమే

కాఫీ మిషన్ ఒక్కసారి కొంటం. పాడ్లు మాత్రం నెలనెలా కొంటనే ఉంటం. కంపెనీకి లాభం యాడికెళ్లి వస్తదో ఈ ఒక్క ముక్కతోనే సమజైతది. మిషన్‌ను ఆఫర్ల మీద ఆఫర్లు పెట్టి అగ్గువకు అంటగడ్తరు. దాంట్ల ఏసే రెండు చెంచాల పొడిని మాత్రం మస్తు పిరం చేసి అమ్ముతరు. అదే సైజుల, అదే మిషన్ల పట్టే వేరే కంపెనీ పాడ్ సగం ధరకు దొరుకుతుంటే, "అవి ఎయ్యకున్రి, మిషన్ ఖరాబైతది, వారంటీ పోతది" అని భయపెడ్తరు. ఈ భయంల నిజమెంత, యాపారమెంత అన్నది తెల్సుకుందాం.

మన దిక్కు పొద్దుగాల లేస్తే చాయే. ఈ పాడ్ల ముచ్చట మనకెందుకు అనుకోకున్రి. అమెరికాల, యూరప్‌ల ఉండే మనోళ్ల ఇండ్లల్ల ఈ మిషన్లు ఎప్పటిసందో ఉన్నయ్. ఇప్పుడు హైదరాబాద్ ఇండ్లల్లకు గూడ వస్తున్నయ్. మా ఇంట్ల ఒకటి వచ్చి మూడేండ్లాయె. అండ్ల నేను బయటి కంపెనీల పాడ్లే ఏస్తున్న. కాఫీ తాగనోళ్ల ఇండ్లల్ల గూడ ప్రింటర్ ఇంకు, నీళ్ల ఫిల్టర్ కాడ ఇదే కథ నడుస్తున్నది. వస్తువు అమ్మినంక గూడ దాని మీద పెత్తనం ఎవరిది? అసలు సవాల్ ఇదే.

ముందుగాల లెక్క చూద్దాం

ఒక చిన్న పాడ్‌ల ఉండే కాఫీ పొడి సుమారు 5 గ్రాములు. అంటే కిలో పొడికి 200 పాడ్లు. కంపెనీ పాడ్ ఒక్కటి 60 రూపాయలు అనుకోన్రి. 200 పాడ్లకు 12,000 అయితది. అంటే కిలో కాఫీ పొడిని మనం 12 వేలు పెట్టి కొంటున్నట్టు. బజార్ల మంచి పొడి కిలో వెయ్యి రూపాయలు అనుకున్నా, మిగిలిన 11 వేలు దేనికి కడుతున్నం? కొంత డబ్బీకి, కొంత నింపే పనికి, కొంత రవాణాకు. తక్కిందంత పేరుకు, అడ్వర్టైజ్‌మెంట్లకు, లాభానికి. కాఫీ పండించే రైతుకు పాడ్ ధరను బట్టి పైసలు రావు, గింజల ధరను బట్టే వస్తయ్.

ఇగ నెల ఖర్చు సూడున్రి. ఇంట్ల ఇద్దరు రోజుకు ఒక్కో కప్పు తాగితే నెలకు 60 పాడ్లు. 60 రూపాయల లెక్కన 3,600. అదే బయటి పాడ్ 35 రూపాయలకు దొరికితే 2,100. నెలకు 1,500 తేడా, ఏడాదికి 18,000. ఇది చిన్న పైకమేం కాదు. ఆ పైసలతోటి ఇంకో చిన్న మిషనే కొనొచ్చు.

ఈ ధరలు లెక్క కోసం అనుకున్నయే. మీ ఇంట్ల బిల్లు తీసి, మీరు కట్టిన ధర పెట్టి ఇదే లెక్క ఏసుకోన్రి. పాడ్ ధరను 200 తోటి గుణిస్తే మీరు కిలో కాఫీ ఎంతకు తాగుతున్నరో తెలుస్తది.

ఈ యాపారం ఎట్ల మొదలైంది?

స్విట్జర్లాండ్‌ల నెస్లే కంపెనీల ఎరిక్ ఫావ్ర్ అనే ఇంజనీర్ ఉండేటోడు. పొడిని చిన్న డబ్బీల బందుజేసి, అండ్లకు ఒత్తిడితోటి వేడినీళ్లు పంపి కాఫీ తీసే పద్ధతి ఆయన తయారుజేసిండు. దాని మీద 1976ల పేటెంట్ తీసుకున్నరు. 1986ల నెస్‌ప్రెస్సో పేరుతోటి అమ్ముడు షురువైంది. ఆఫీసులకు అమ్ముదామని సూస్తే పెద్దగ నడవలేదు. 1988ల జాన్ పాల్ గయార్ అనే మేనేజర్ వచ్చినంక యాపారాన్ని ఇండ్ల దిక్కు మళ్లిచ్చిండు. మిషన్లు వేరే కంపెనీలు చేసి అమ్ముకోవచ్చు, పాడ్లు మాత్రం నెస్‌ప్రెస్సో నేరుగ అమ్ముతది. మిషన్ కొన్నోళ్లు ఇగ యాడికీ పోరు.

గడ్డం గీసుకునే రేజర్ల కాడ ఈ ఉపాయం పాతదే. రేజర్ అగ్గువ, బ్లేడ్ పిరం. ప్రింటర్ అగ్గువ, ఇంకు పిరం. కాఫీల గూడ గదే నడిచింది.

ఇండ్ల ఇంకో తమాషా ఉన్నది. ఈ యాపారాన్ని ఇండ్లకు చేర్చిన గయారే ఆ కంపెనీ నుంచి బయటికొచ్చినంక ఎథికల్ కాఫీ కంపెనీ పెట్టిండు. ఆ మిషన్లకే పట్టే అగ్గువ పాడ్లు చేసి 2010ల ఫ్రాన్స్ మార్కెట్లకు దించిండు. అంటే ఈ మిషన్ల వేరేటోళ్ల పాడ్ పని చెయ్యదన్నది ఒట్టి మాటేనని ఆ యాపారం నడిపిన మనిషే చూపెట్టిండు.

పేటెంట్ అంటే సర్కారు ఇచ్చే గడువున్న హక్కు. మామూలుగ 20 ఏండ్లు. కొత్తది కనిపెట్టినోళ్లకు అన్నేండ్లు పోటీ లేకుండ అమ్ముకునే అవకాశం ఇస్తరు. గడువు తీరినంక అది అందరిదైతది. నెస్‌ప్రెస్సో పాత తరహా పాడ్ల ముఖ్యమైన పేటెంట్లకు 2012 అటుఇటుగ గడువు తీరింది. అమెరికాల ఎక్కువ నడిచే క్యూరిగ్ కంపెనీ కే-కప్ పేటెంట్లకు గూడ 2012లనే తీరింది. అప్పటిసంది వేరే కంపెనీల పాడ్లు సూపర్ మార్కెట్లల్ల నిండినయ్.

ఒక మాట ఇక్కడ్నే తేల్చుకోవాలె. కంపాటబుల్ పాడ్ అంటే డూప్లికేట్ మాల్ కాదు. డూప్లికేట్ అంటే ఒకని పేరు ఇంకొకడు దొంగతనంగ ఏసుకొని అమ్మేది. అది నేరం. కంపాటబుల్ పాడ్ మీద చేసిన కంపెనీ సొంత పేరే ఉంటది, ఫలానా మిషన్లకు పడ్తదని మాత్రం రాసుంటది. బండికి వేరే కంపెనీ టైర్ ఏసినట్టు. దాంట్ల తప్పేం లేదు.

కోర్టులు ఏం చెప్పినయ్?

పెద్ద కంపెనీ ఊకుంటదా? యూరప్ దేశాలల్ల కేసుల మీద కేసులు ఏసింది. 2013ల లండన్ హైకోర్టుల డ్యూయలిట్ అనే కంపెనీతోటి నడిచిన కేసుల నెస్లే దిక్కువోళ్లు ఓడిపోయిన్రు. పేటెంట్ చెల్లదని కోర్టు తేల్చింది. మిషన్ కొన్నోళ్లు దాంట్ల వేరే పాడ్ ఏసుకున్నంత మాత్రాన పేటెంట్ ఉల్లంఘన కాదని గూడ చెప్పింది.

2014ల ఫ్రాన్స్ పోటీ నియంత్రణ సంస్థ ముందట నెస్‌ప్రెస్సో కొన్ని హామీలు ఇయ్యాల్సి వచ్చింది. మిషన్ డిజైన్ మారిస్తే, ఆ మార్పుల వివరాలు పాడ్లు చేసే పోటీ కంపెనీలకు నాలుగు నెలల ముందే చెప్పాలె. వేరే పాడ్లు వాడినా మిషన్ వారంటీ చెల్లుతదని సాఫ్‌గ రాయాలె. ఇంత పెద్ద కంపెనీ ఈ మాట రాసిచ్చిందంటే, బయటి పాడ్ ఏస్తే వారంటీ పోతదన్న బెదిరింపుల ఎంత దమ్మున్నదో మీరే సూడున్రి.

పాడ్ ఆకారం మీద గూడ హక్కు మాదే అన్న పంచాయితీ స్విట్జర్లాండ్ సుప్రీం కోర్టు దాక పోయింది. మిషన్ల పట్టాలంటే ఆ ఆకారం తప్పనిసరి, కాబట్టి దాన్ని ట్రేడ్‌మార్క్ చేసుకొని పోటీని ఆపుడు కుదరదని 2021ల తీర్పొచ్చింది.

అమెరికాల జనం తిప్పికొట్టిన్రు

కోర్టుల్ల గెలవనోళ్లు మిషన్లనే తాళం పెట్టొచ్చు. క్యూరిగ్ 2014ల గట్లనే చేసింది. పేటెంట్ గడువు తీరినంక 2.0 అని కొత్త మిషన్ తెచ్చింది. పాడ్ మూత మీద ఉండే ప్రత్యేకమైన ఇంకును మిషన్ల ఉన్న సెన్సర్ చదువుతది. ఆ గుర్తు లేని పాడ్ పెడితే మిషన్ కాఫీ పొయ్యదు. జనం సొంత పొడి నింపుకునే డబ్బీని గూడ తీసేసిన్రు.

జనం ఊకోలేదు. లైసెన్స్ ఉన్న పాడ్ మూతను కత్తిరిచ్చి వేరే పాడ్ మీద అతికిచ్చి కాఫీ తీసుకున్నరు. ఎట్ల చెయ్యాల్నో వీడియోలు పెట్టిన్రు. ఒక పోటీ కంపెనీ అయితే సెన్సర్‌ను దాటేసే చిన్న క్లిప్పును ఫ్రీగ పంచింది. మిషన్ల అమ్మకాలు పడిపోయినయ్. 2015ల ఆ కంపెనీ సీఈవో మేం తప్పు చేసినమని ఒప్పుకున్నడు. సొంత పొడి నింపుకునే డబ్బీని మళ్ల తెస్తమని చెప్పిండు. కొన్నోళ్లు గట్టిగ నిలబడితే పెద్ద కంపెనీ గూడ దిగొస్తదనేటందుకు ఇదో సాక్ష్యం.

గని తాళం ఉపాయం మొత్తం పోలేదు. నెస్‌ప్రెస్సో 2014ల తెచ్చిన వర్టువో మిషన్లల్ల పాడ్ అంచు చుట్టు బార్‌కోడ్ ఉంటది. మిషన్ దాన్ని చదివి నీళ్లు ఎన్ని, ఎంత వేగంగ తిప్పాలె అన్నది తేల్చుకుంటది. ఇది కాఫీ మంచిగొచ్చేందుకే అని కంపెనీ అంటది. అది కొంత నిజమే కావచ్చు. దాంతోటి పాటు వేరేటోళ్లు అసొంటి పాడ్ చేసుడు గూడ కష్టమైంది. కొత్తగ మిషన్ కొనేటోళ్లు ఈ తేడా ముందే చూసుకోవాలె. మిషన్ ధర కంటే, దానికి ఎన్ని కంపెనీల పాడ్లు దొరుకుతయన్నదే పెద్ద ముచ్చట.

మన కాడ చట్టం ఏమంటది?

అమెరికాల 1975ల వచ్చిన వారంటీ చట్టం ప్రకారం, మా కంపెనీ సామానే వాడాలె, లేకుంటే వారంటీ లేదని షరతు పెట్టుడు కుదరదు. పెట్టాలంటే ఆ సామాన్ ఫ్రీగ ఇయ్యాలె, లేకుంటే ప్రత్యేకంగ అనుమతి తీసుకోవాలె. అక్కడున్న మనోళ్లు ఇది యాదికి పెట్టుకోవాలె.

మన దేశంల అచ్చం అసొంటి చట్టం లేదు. అయినా మనకు దారి లేకుండ ఏం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంల ఒక వస్తువు కావాలంటే ఇంకోటి కొనాల్సిందే అని ముడిపెట్టుడును నియంత్రిత వ్యాపార పద్ధతి కింద లెక్కగట్టిన్రు. కార్ల కంపెనీల కేసు ఇంకా పెద్దది. స్పేర్ పార్టులు బయట దొరకనియ్యకుండ చేస్తున్నరని, బయట రిపేరు చేపిస్తే వారంటీ పోతదంటున్నరని 14 కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్ 2014ల 2,544 కోట్ల జరిమానా ఏసింది. తర్వాత అది అప్పీళ్లకు పోయింది గని, ఆ ఆర్డర్ల ఉన్న సూత్రం మనకు ముఖ్యం. వస్తువు అమ్మినంక దాని మార్కెట్ మొత్తాన్ని గుప్పిట్ల పెట్టుకునే హక్కు అమ్మినోళ్లకు లేదు. 2022ల కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ గూడ తెచ్చింది.

వారంటీ ఉన్నప్పుడు నేను గూడ మా మిషన్‌ను ఒక సర్వీస్ సెంటర్‌కు తీస్కపోయిన. కాఫీ సన్నటి ధారల వస్తున్నది. కౌంటర్ల ఉన్న పిల్లగాడు ముందుగాల అడిగింది మిషన్ ముచ్చట కాదు, "ఏ పాడ్లు ఏస్తున్నరు సార్?" అని. బయటియే అని చెప్పిన. "అయితే వారంటీ రాదు సార్" అన్నడు. "వారంటీ కాగితంల ఆ మాట యాడున్నదో చూపియ్యి తమ్మీ" అన్న. అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, దొరకలేదు. లోపలికి పోయి పెద్దసారును అడిగొచ్చి మిషన్ తీసుకున్నడు. ఇప్పి చూస్తే లోపట నీళ్ల సున్నం కట్టింది. పాడ్‌కు దానికి సంబంధమే లేదు. సాఫ్ చేసి ఇచ్చిన్రు.

అట్లని అన్నిటికీ కంపెనీదే బాధ్యత అనుడు గూడ న్యాయం కాదు. ఏదన్న నాసిరకం పాడ్ లోపట ఇరిగి మిషన్ పగిలితే ఆ రిపేరు ఖర్చు కంపెనీ మీద ఏయలేం. గని బయటి పాడ్ ఏసిన్రు కాబట్టి హీటర్ కాలినా, స్విచ్ పోయినా చెయ్యం అంటే ఒప్పుకోవద్దు. పాడ్ తోటే చెడిపోయిందని వాళ్లు చూపెట్టాలె. కాగితం మీద రాసియ్యమని అడగున్రి. ఇనకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యున్రి.

మిషన్ లోపట ఏమైతది?

ఏ పాడ్ మంచిదో తెలవాలంటే లోపట నడిచే పని జర తెలవాలె. పాత తరహా చిన్న పాడ్ల మిషన్ల లివర్ మూయంగనే మూడు సూదులు పాడ్ ఎనుక భాగాన్ని పొడుస్తయ్. ఆ బొక్కలకెళ్లి వేడినీళ్లు ఒత్తిడితోటి లోపటికి పోతయ్. ముందట ఉన్న పల్చటి రేకు ఉబ్బి, ఎదురుంగ ఉన్న గరుకు పలకకు తాకి చినుగుతది. అప్పుడు కాఫీ కిందికి దిగుతది. పాడ్ అంచు గట్టిగ అతుక్కొని నీళ్లు పక్కకు పోకుండ ఆపుతది.

పాడ్‌ల లోపం ఉంటే ఈ మూడు తావులల్లనే తెలుస్తది. అంచు సరిగ్గ లేకుంటే నీళ్లు పక్కకెళ్లి కారి కింద డబ్బా నిండుతది, కప్పుల కాఫీ తక్కువైతది. పొడి బరకగ ఉంటే నీళ్లు ఉరికి కాఫీ పలుచగైతది. పొడి మరీ మెత్తగ, కుక్కి నింపితే బొట్టుబొట్టు పడ్తది, పంపు గట్టిగ మొత్తుకుంటది. కొన్ని ప్లాస్టిక్ పాడ్లు వేడికి వంగి లోపట ఇరుక్కుంటయ్. అల్యూమినియం పాడ్లకు ఈ గోస తక్కువ.

చాన మిషన్లను సంపేది పాడ్ కాదు, నీళ్లు. బోరు నీళ్లల్ల సున్నం ఎక్కువుంటది. అది వేడి గొట్టాలల్ల కొద్దికొద్దిగ పేరుకొని దారి మూసేస్తది. ఒరిజినల్ పాడ్ ఏసినా ఇదే అయితది. అందుకే సున్నం తక్కువున్న నీళ్లు పొయ్యాలె. మిషన్ పుస్తకంల చెప్పినన్ని దినాలకోసారి సున్నం తీసే మందుతోటి లోపట కడగాలె. పాడ్ తీసేసినంక ఉత్త నీళ్లు ఒక కప్పు పంపితే జిడ్డు గూడ పోతది.

కొనేటప్పుడు ఏం చూడాలె?

ఒకటి, మీ మిషన్ ఏ తరహాదో తెల్సుకోవాలె. నెస్‌ప్రెస్సో పాత తరహా వేరు, వర్టువో వేరు, డోల్చే గుస్తో వేరు, కే-కప్ వేరు. ఒకదాన్లది ఇంకోదాన్ల పట్టదు. డబ్బా మీద ఉత్త కాఫీ పాడ్లు అని ఉంటే సరిపోదు, మీ మిషన్ తరహా పేరు ఉండాలె.

రెండు, ముందుగాల ఒకటే చిన్న డబ్బా కొనున్రి. నీళ్లు కారుతున్నయా, లివర్ గట్టిగ పడ్తున్నదా, వాడిన పాడ్ తనంతట తాను కింద పడ్తున్నదా చూడున్రి. బాగుంటేనే వంద పాడ్ల పెట్టె జోలికి పోవాలె. లివర్ పడకపోతే బలంగ నొక్కకున్రి. ఆ పాడ్ తీసి పక్కకు పెట్టున్రి.

మూడు, తారీఖు చూడున్రి. అల్యూమినియం గాలిని రానియ్యదు, పొడి వాసన నిలుస్తది. ఉత్త ప్లాస్టిక్ మెల్లగ గాలిని రానిస్తది. ప్లాస్టిక్ పాడ్లు విడివిడిగ కవర్లల్ల ఉంటే కొంత నయం. సగం ధరకు దొరికినయని ఏడాది పాతయి తెచ్చుకుంటే నోట్లకు మట్టే వస్తది.

నాలుగు, గ్రాములు చూడున్రి. డబ్బా మొత్తం బరువును పాడ్ల సంఖ్యతోటి భాగిస్తే ఒక్కోదాన్ల ఎంత పొడి ఉందో తెలుస్తది. ధర తక్కువ పెట్టి పొడి గూడ తక్కువేస్తే అది అగ్గువ కాదు.

ఐదు, మళ్లమళ్ల నింపుకునే స్టీల్ పాడ్లు గూడ ఉన్నయ్. ఇందాక చెప్పిన 60 కప్పులకు 300 గ్రాముల పొడి చాలు. కిలో వెయ్యి అనుకుంటే నెలకు 300 రూపాయలే. అరకు పొడి ఏసుకున్నా, చిక్కమగళూరు పొడి ఏసుకున్నా మీ ఇష్టం. అయితే చికోరీ కలవని పొడే వాడున్రి. చికోరీ జిగటగయ్యి చిన్న బొక్కలను మూసేస్తది. నింపుడు, కడుగుడు పని మాత్రం రోజూ ఉంటది. ఓపిక ఉన్నోళ్లకు ఇంతకంటే అగ్గువ లేదు.

ఖాళీ పాడ్ యాడికి పోతది?

అగ్గువ దొరికిందని ఎక్కువ వాడితే చెత్త గూడ ఎక్కువైతది. జర్మనీల హాంబర్గ్ నగర పాలకులు 2016ల సర్కారు పైసలతోటి పాడ్ కాఫీ కొనుడే బందుపెట్టిన్రు. కే-కప్ కనిపెట్టినోళ్లల్ల ఒకడైన జాన్ సిల్వన్, దాన్ని ఎందుకు చేసిన్నా అని ఒక్కోసారి బాధైతదని 2015ల చెప్పుకున్నడు.

అల్యూమినియం ఎన్నిసార్లయినా కరిగిచ్చి వాడొచ్చు. గని లోపట తడి పొడి ఉన్న పాడ్‌ను ఎవరూ తీసుకోరు. మా ఇంట్ల ముందటి రేకు కోసి, పొడిని పూల కుండీలల్ల ఏసి, డబ్బీలు కడిగి సంచిల ఏస్తం. సంచి నిండినంక పాత సామాన్లు కొనేటాయనకు ఇస్తం. మట్టిల కలుస్తదని రాసి అమ్మే పాడ్లు గూడ చాన మటుకు పెద్ద కంపోస్టు ప్లాంట్ల వేడికే కరుగుతయ్. బాల్కనీ కుండీల పడేస్తే ఏండ్లకేండ్లు అట్లనే ఉంటయ్.

కొన్నది వాడుకునే హక్కు

ఒరిజినల్ పాడ్ రుచి నచ్చినోళ్లు అదే తాగొచ్చు, అది వాళ్ల ఇష్టం. భయంతోటి కొనుడు మాత్రం ఇష్టం కిందికి రాదు. పైసలు కట్టి, బిల్లు తీసుకొని, ఇంటికి తెచ్చుకున్నంక ఆ మిషన్ మనది. పొయ్యి అమ్మినోడు ఏ బియ్యం వండాల్నో చెప్తే ఊకుంటమా? కాఫీ పాడ్ కాడ ఊకుంటే రేపు ప్రింటర్ కాడ, ఎల్లుండి నీళ్ల ఫిల్టర్ కాడ, ఆ తర్వాత బండి బ్యాటరీ కాడ గూడ ఇదే తాళం పడ్తది. అందుకే ఏ మిషన్ కొనవోయినా షాపుల రెండే మాటలు అడగున్రి. "దీన్ల వేరే కంపెనీ సామాన్ పడ్తదా? పడితే వారంటీ ఉంటదా?" ఈ రెండింటికీ అవునని కాగితం మీద రాసిచ్చినోళ్ల కాడనే కొనున్రి.